పున్నయ్య నడుముకు చుట్టిన తువ్వాల

పున్నయ్యని గుండ్లమెట్టలో ఒకడుండేవోడంట. నేను చూళ్ళేదు, మా నాయన చూశాడు. మా నాయన చెబితే నేను విన్నా, నేను చెబితే నువ్వా పెట్టెలోకి ఎక్కించుకుంటన్నావు. ఎక్కించుకో. మధ్యలో నేను దగ్గితే అదీ ఎక్కుద్దా? ఎక్కితే ఎక్కనీ. ఆ పున్నయ్య చెడుగుడు ఆడేవోడు. ఆడేవోడంటే అట్టా ఇట్టా కాదు. ఆయన కూతకు పోతే అవతలోళ్ళంతా చేతులు చాపుకుని చుట్టూ మూగేవోళ్ళంట. ఈయన వెనక్కి తగ్గేది లేదు, పక్కకి తప్పుకునేది లేదు, చెడుగుడు చెడుగుడు అనుకుంటానే వాళ్ళ నెత్తుల మీంచి దూకి నడిగీత ఇవతల పడేవోడంట. నెత్తుల మీంచా అని నువ్వు నవ్వుతున్నావు. నేనూ నవ్వా. మా నాయన మాత్రం నవ్వలా. సరే, నెత్తులు కాకపోతే భుజాలనుకో. ఏదో ఒకటి, దూకేవోడు. ఆ దూకుడు చూడ్డానికి పక్క ఊళ్ళ నించి బండ్లు కట్టుకుని వొచ్చేవోళ్ళంట.

ఇంతకీ ఏమైందంటే, ఆయన కాలు విరిగింది. ఆటలో విరిగినా చెప్పుకోడానికి బాగుండేది. గడ్డివామి మీదికెక్కి గేదెలకి గడ్డి లాగతా జారి పడ్డాడు. కట్టు కట్టేవోడు కట్టాడు, ఎముక అతుక్కుంది, వంకరగా అతుక్కుంది. నడుస్తాడు, ఎడ్లు తోలుకుంటాడు, చేను పని చేసుకుంటాడు, దూకడం మాత్రం లేదు. ఇంక ఆ మనిషిని చూడాల. సాయంత్రం అయ్యేసరికి కళ్ళంలో కుర్రోళ్ళు కూత పెడతారు గదా, అది చెవిన పడకుండా తలుపేసుకుని కూకునేవోడంట. తలుపేసుకుంటే కూత ఆగుద్దా? అది వినపడ్డ కొద్దీ గేదెల్ని తిట్టేవోడు, దూడని తిట్టేవోడు, గడ్డివామినైతే రోజూ తిట్టేవోడు. ఆయన పెళ్ళాం మాణిక్యం అని, మాట తక్కువ మనిషి, ఆమె వింటా ఊరుకునేది.

ఇప్పుడు నీకు తిరునాళ్ళ సంగతి చెప్పాల, లేపోతే మిగతాది బుర్రకెక్కదు. బోటికొండ తిరునాళ్ళకి చుట్టుపక్కల ఊళ్ళన్నీ ప్రభలు కట్టుకుని పోతాయి. ప్రభంటే తెలుసుగా, బండి మీద వెదురుబొంగులతో ఆకాశానికి ఎత్తి కట్టి, రంగుగుడ్డలు చుట్టి, పడిపోకుండా అన్ని పక్కలా మోకులు పట్టుకుని నడిపిస్తారే, అది. మరి కొండ కిందికి ఏ ఊరి ప్రభ ముందు పోవాల? ఒకప్పుడు దానికోసం కర్రలు లేచేయంట. నాలుగు తలకాయలు పగిలినాక పెద్దోళ్ళు కూకుని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ముందురోజు కొండ కింద బరి గీసి చెడుగుడు ఆడాల. గెలిచిన ఊరి ప్రభ అన్నిటికంటే ముందు. ఆఖరాటలో ఓడిన ఊరి ప్రభ అన్నిటికంటే వెనక. రెండోది రెండోదిగా పోవాలి గదా, వెనక్కెందుకు అంటావేమో. నన్నడగమాక, పెట్టినోళ్ళు పోయారు. ముందు పోయే ప్రభ మీద పూలు పడతయ్యి, వెనక పోయే ప్రభ మీద దుమ్ము పడద్ది, అంతవరకు నాకు తెలుసు. పున్నయ్య ఆడినన్నాళ్ళూ గుండ్లమెట్ట ప్రభే ముందు. ఆయన కాలు పోయినాక వేములబండ వాళ్ళది ముందు. వాళ్ళకి నాగులని ఒక బలిసినోడు దొరికాడు. వాణ్ణి నలుగురు పట్టుకున్నా నలుగుర్నీ ఈడ్చుకుని గీత దాటేవోడంట.

ఊరి పెద్ద వీరాస్వామి ఒకనాడు పున్నయ్య ఇంటికొచ్చాడు. వొచ్చి, పున్నా, నువ్వాడకపోతే పోయె, మా కుర్రోళ్ళకి నేర్పన్నా నేర్పు అన్నాడు. దానికి పున్నయ్య, ఆట ఆడేది గానీ నేర్పేదేందయ్యా, గట్టున నిలబడి అరవడానికి నేనెందుకు, ఊళ్ళో ముసలోళ్ళు చాలరా అన్నాడు. వీరాస్వామి తలగుడ్డ సర్దుకుని లేవబోయాడు. అప్పుడు మాణిక్యం లోపల్నించి, పోరాదూ, రోజూ గేదెల్ని తిడతన్నావు, పాపం అవి పాలు తగ్గించినయ్యి, పోయి మనుషుల్ని తిట్టు అందంట. ఆ మాటకి పోయాడు. అంతేగానీ ఏదో పెద్ద మనసుతో పోయాడని నేను చెప్పను.

పోయి ఏం చేశాడు? అందర్నీ దూకమన్నాడు. పొడుగోణ్ణి దూకమన్నాడు, పొట్టోణ్ణి దూకమన్నాడు. సైదులని ఒకడు సన్నగా గాలికి పోయేటట్టుంటాడు, వాణ్ణి దూకమన్నాడు. యలమందని ఇంకొకడు. వీడు బావులు తవ్వే మనిషి. అడుగున తవ్వేవోణ్ణి మోకు కట్టి లోపలికి దించడం, పైకి లాగడం వీడి పని. మనిషి గోతం మాదిరి నిండుగా ఉంటాడు, నిలబడ్డ చోట నిలబడతాడు. వాణ్ణీ దూకమన్నాడు. వాడు దూకితే ఏముంది, ఇట్టా లేచి అట్టా పడ్డాడు. పున్నయ్య తల కొట్టుకుని, నేను దూకినట్టు దూకరా, కాళ్ళు కూడదీసుకుని దూకరా అని అరిచేవోడు. మామా, నావల్ల కాదు, నేను పట్టుకుంటా, దూకేది సైదులు దూకుతాడులే అని యలమంద అనేవోడు. పట్టుకునేది ఎవుడైనా పట్టుకుంటాడు అని ఈయన కొట్టిపారేసేవోడు. నాకేమనిపించుద్దంటే, ఆయన వాళ్ళకి నేర్పలా. పోయిన కాలుని వాళ్ళలో వెతుక్కున్నాడు.

అయినా ఆ ఏడు ఎట్టాగో ఆఖరాట దాకా పోయారు. అవతల వేములబండ. ఆడి ఆడి సమానంగా వొచ్చి నిలబడ్డారు. ఇంక నాగులు కూత ఒక్కటే మిగిలింది. ఇవతల బరిలో అందరూ చచ్చి బయట కూకున్నారు, యలమంద ఒక్కడే బతికున్నాడు. నాగులు గీత దాటి పోతే వాళ్ళు గెలిచినట్టు, యలమంద పట్టి ఆపితే మనం గెలిచినట్టు. నాగులు కూత పెట్టుకుంటా వొచ్చాడు. యలమంద వాడి నడుం పట్టాడు. వాడు ఈడుస్తన్నాడు, వీడు ఆపతన్నాడు. జానెడు పోయాడు, మూరెడు పోయాడు. నాగులు ఇట్టా పడుకుని చెయ్యి చాపితే గీతకి బెత్తెడు దూరం. చూసేవోళ్ళంతా అయిపోయిందనుకున్నారు. పున్నయ్య గట్టున నిలబడున్నాడా, ఎప్పుడు కదిలాడో ఆయనకే తెలవదంట. చూసేసరికి బరిలో ఉన్నాడు. వంకర కాలు ఈడ్చుకుంటా పోయి నాగులు కాళ్ళ మీద పడి వాటేసుకున్నాడు.

ఇంక గోల ఉంటదనుకున్నావు గదా. గోల లేదు.  ఆడేవోడు కానివోడు బరిలోకొచ్చాడు, ఇంక ఆటేంది? తీర్పు చెప్పే పెద్దమనిషి లేచి వేములబండ వైపు చెయ్యెత్తి మళ్ళీ కూకున్నాడు. పున్నయ్య మట్టిలోనించి లేచాడు. పక్కనే యలమంద లేచి ఒళ్ళు దులుపుకుంటా, మామా, నువ్వెందుకొచ్చావు అన్నాడు. జారిపోతున్నాడు గదరా అన్నాడు ఈయన. జారలేదు మామా, నేనే వదిలా అన్నాడు వాడు. బావిలోకి మనిషిని దించేటప్పుడు మోకు బిగబట్టి ఉంచకూడదంట, అరచెయ్యి తెగుద్దంట. కాస్త వదలాల, మళ్ళీ బిగించాల. అట్టాగే నాగులు ఊపంతా అయ్యేదాకా వదిలి, ఇంక బిగించబోతన్నా, అంతలో నువ్వొచ్చావు, నా పట్టు సడలితే గదా నువ్వు రావాల్సింది మామా అన్నాడు. కోపంగా అన్లా. ఉన్నమాట చెప్పినట్టు చెప్పి చెంబు తీసుకుని నీళ్ళు తాగబోయాడు. కోపంగా అన్నా బాగుండేది.

తెల్లారి గుండ్లమెట్ట ప్రభ అన్నిటి వెనక నడిచింది. అంత ఎత్తు ప్రభ, రంగుగుడ్డలు రంగు తెలవకుండా దుమ్ము కొట్టుకుపోయినయ్యంట. ఊళ్ళో పున్నయ్యని ఎవురూ ఏమీ అన్లేదు. ఎదురుపడితే పలకరించారు, పొగాకు అడిగితే ఇచ్చారు. అదే ఆయనకి పడలా. తిట్టినా బాగుణ్ణు అనుకునేవోడంట. ఆయన తిట్టడం కూడా మానుకున్నాడు, గేదెలు కూడా బెంగపడ్డాయని మాణిక్యం తర్వాత్తర్వాత చెప్పుకుని నవ్వేది. సిగ్గుతో చితికిపోయాడు ఆ మనిషి. కాలు పోయినప్పుడు పోయింది కాలే. ఇప్పుడు పోయింది మొఖం.

వానలు అయిపోయి పైర్లు కోతకొచ్చి కళ్ళాలు ఖాళీ అయినాక, ఒకనాడు యలమంద వొచ్చాడు. వెనక సైదులు, ఆ వెనక మిగతా కుర్రోళ్ళు. మామా, రేపట్నించి కళ్ళానికి రా అన్నాడు. నేనెందుకురా, ఇంకొకణ్ణి చూసుకోండి, నేను మిమ్మల్ని ముంచినోణ్ణి అన్నాడు పున్నయ్య. నిజమే ముంచావు, అయితే మేం ఎక్కడ తప్పు చేస్తన్నామో కనిపెట్టేవోడు ఊళ్ళో ఇంకొకడు లేడు, మిగతావోళ్ళు గెలిస్తే ఈల వేస్తారు, ఓడితే ఇంటికి పోతారు అన్నాడు యలమంద. అయితే రెండు షరతులు మామా అన్నాడు. ఒకటి, నన్ను దూకమనమాక. రెండు, మేం ఆడినంతసేపూ నిన్ను గుంజకి కట్టేస్తాం. కళ్ళంలో ఎడ్లని కట్టే గుంజుంది గదా, దానికి. పున్నయ్యకి నెత్తురు మొఖానికెక్కింది. నన్ను గొడ్డుని కట్టేసినట్టు కట్టేస్తారా అని లేవబోయాడు. మాణిక్యం గుమ్మంలో కూకుని చేటలో రాళ్ళు ఏరుకుంటంది. తలెత్తకుండానే, రోజూ ఎడ్లు కట్టించుకుంటన్నాయిగా, వాటికి లేని రోషం నీకేందయ్యా అంది. అందరూ నవ్వారు. ఆఖరికి పున్నయ్య కూడా నవ్వాడంట. కాలిరిగినాక ఆయన నవ్వింది అప్పుడేనంట.

సరే, కట్టారు. నడుముకు తువ్వాల చుట్టి గుంజకేసి ముడేసేవోళ్ళు. మొదట్లో తెంపుకుని పోయేటట్టు గింజుకునేవోడు, అరిచి అరిచి గొంతు పోగొట్టుకునేవోడు. అయితే కట్టేసిన మనిషి ఏం చేస్తాడు? చూస్తాడు. ఇంకేం పని లేదు గదా, చూస్తానే ఉంటాడు. తను ఆడిన రోజుల్లో ఆయనకి కనిపించిందల్లా అవతలోళ్ళ చేతులు, నడిగీత, అంతే. ఆట మొత్తం ఎట్టా ఉంటదో ఆయన అంతవరకు చూళ్ళేదంట. విడ్డూరం గదా, ఊళ్ళో ఆటంటే పున్నయ్య పేరే చెబుతారు, ఆయనేమో ఆటే చూళ్ళేదు. ఇప్పుడు చూస్తన్నాడు. సైదులు మలుపు తిరగబోయే ముందు ఎటు తిరగాలో అటొకసారి చూస్తాడు, అందుకే దొరికిపోతన్నాడు. అరే సైదులూ, కాలుతో తిరగరా, కంటితో కాదు అన్నాడంట. ఆ ఒక్కమాటకి వాడు ఇంక ఎవురికీ చిక్కలేదు. ఇంకొకడికి కూత పొట్టి, ఆవేశం ఎక్కువ. నువ్వు పోయి తాకిరా, లోపలికి పోమాక అన్నాడు. యలమంద దగ్గరికొచ్చేసరికి ఏమీ చెప్పలా. వాడు వదలడం, బిగించడం, వదలడం, బిగించడం, అది చూస్తా కూకునేవోడు. వాడు ఎంత వదులుతాడో, ఎక్కడ ఆపుతాడో, నాగులైతే ఎంత లాగుతాడో, అదంతా ఈయనే మనసులో ఆడుకునేవోడు. ఒకనాడేమైందంటే, ఆరుగురు కలిసి యలమందని గుంజారంట. వాడు అట్టా పోయి పోయి గీత దగ్గర ఆగాడు, ఆగి, ఆరుగుర్నీ వెనక్కి తెచ్చుకున్నాడు. పున్నయ్య అది చూశాడు. ఏందిది, అది నా ఆట కాదు, నేనెప్పుడూ అట్టా ఆడలా, నేర్పింది కూడా నేను కాదు, నాకెందుకింత సంతోషంగా ఉంది అనుకున్నాడంట. ఇంటికి పోయి మాణిక్యంతో అదే చెప్పాడు. నెత్తుల మీంచి దూకిన రోజుల్లో కూడా ఇంత సంతోషం ఎరగనే అన్నాడు. ఆమె ఊఁ అని ఇంకో ముద్ద పెట్టింది.

మళ్ళీ తిరునాళ్ళ వొచ్చింది. అటు తిరిగి ఇటు తిరిగి ఆఖరాటకి మళ్ళీ గుండ్లమెట్ట, వేములబండ. కొండ కింద గుంజ యాడుంటది? ప్రభ బండి చక్రం ఉంటే దానికి కట్టాలన్నారు. కుర్రోళ్ళు ఒళ్ళు కాపుకుంటా తీరిక లేకుండా ఉన్నారు, మాణిక్యం వొచ్చి నేను కడతాలే పోండి అంది. పున్నయ్యని చక్రానికి ఆనించి నిలబెట్టి తువ్వాల చుట్టింది. వేములబండ వాళ్ళు చూసి నవ్వారు. పున్నయ్యా, ఈ ఏడు పలుపు కూడా వేశారా అన్నారు. ఏశారులే, మీరు ఆడండి అన్నాడు ఈయన.

ఆడారు. సైదులు పోయి తాకాడు, వాళ్ళొచ్చి తాకారు, వీళ్ళు చచ్చారు, బతికారు. ఇదంతా నేను చెప్పను, చెబితే పొద్దుపోద్ది. చివరికి వొచ్చేసరికి నువ్వు నమ్ము నమ్మకపో, మళ్ళీ అదే. సమానం. ఇవతల యలమంద ఒక్కడు. అవతల్నించి నాగులు కూత పెట్టుకుంటా దిగాడు. నిరుడు సగంలో ఆగిన ఆటని మళ్ళీ అక్కడ్నించే మొదలుపెట్టినట్టుందని మా నాయన అనేవోడు. యలమంద నడుం పట్టాడు. నాగులు ఈడ్చాడు. జానెడు పోయాడు, మూరెడు పోయాడు. గుండ్లమెట్ట జనమంతా లేచారు. పోతన్నాడు పోతన్నాడు, పున్నయ్యా చెప్పు, ఏదన్నా చెప్పు అని అరుస్తన్నారు. పున్నయ్యకి తెలుసు, వాడు జారట్లేదు, వదులుతున్నాడు. తలకాయకి తెలుసు. కాలికి తెలవదు గదా. ఒళ్ళంతా ముందుకే వొంగింది. అట్టా వొంగేసరికి నడుం మీది తువ్వాల జారింది. జారి కాళ్ళ కాడ పడింది. అది పడ్డట్టు ఆయనకి తెలిసింది. ఆపేది ఇంకేమీ లేదు. రెండంగలేస్తే బరి. నాగులు పడుకుని చెయ్యి చాపాడు, గీతకి బెత్తెడుంది. పున్నయ్య వెనక్కి చేతులు పెట్టి చక్రం ఆకుల్ని, ఆ లోపలి కర్రల్ని, పట్టుకున్నాడు. పట్టుకుని నోరు కూడా మెదపలా. యలమంద అప్పుడు బిగించాడు. నాగులు చెయ్యి అట్టాగే ఆగింది. బెత్తెడు బెత్తెడుగానే ఉంది. వాడు గింజుకున్నాడు, కాళ్ళు కొట్టుకున్నాడు, కూత సన్నబడింది, ఇంకా సన్నబడింది, తెగింది.

అప్పుడు లేచింది చూడు గోల. కుర్రోళ్ళు యలమందని భుజాల మీదికెత్తుకుని, కట్లిప్పుదాం రండి మామకి అని చక్రం దగ్గరికొచ్చారు. వొచ్చి చూస్తే ఏముంది ఇప్పడానికి, తువ్వాల మట్టిలో పడుంది. పున్నయ్య మాత్రం చేతులు వెనక్కి పెట్టి అట్టాగే నిలబడున్నాడు. చేతులు తియ్యి మామా అంటే రావట్లేదురా అన్నాడంట. వేళ్ళు ఆ ఆకులకి బిగుసుకుపోయినయ్యి. మాణిక్యం వొచ్చి ఒక్కొక్క వేలూ విప్పదీసింది. అరచేతులు చీరుకుపోయి నెత్తురు కారుతున్నయ్యి. వీరాస్వామి తువ్వాల చేతిలోకి తీసుకుని, ఏందమ్మా, ముడి ఊడిందా అన్నాడు. ముడెయ్యలేదు, ఊరికే చుట్టా అందామె. పున్నయ్య ఆమె మొఖం చూశాడు. ఎందుకెయ్యలేదే, నేను పోయుంటే అన్నాడు. పోతే పోయేవోడివి అందామె. ఇన్నాళ్ళ నించీ గుంజ కాడ నిలబడి కుర్రోళ్ళని నమ్ముతున్నావు గదా, నిన్ను కూడా ఎవురో ఒకళ్ళు నమ్మాలిగా అంది. అని కొంగు చించి చేతికి కట్టు కట్టింది. అంత ఆటగాడు, అన్ని ఆటలు గెలిచినప్పుడు ఎన్నడూ కళ్ళనీళ్ళు పెట్టనోడు, ఆ చక్రం పక్కన కూకుని ఏడ్చాడంట. సంతోషానికే ఏడ్చాడు. ఎవురూ ఆపలేదు.

తెల్లారి గుండ్లమెట్ట ప్రభ ముందు నడిచింది. పున్నయ్యని బండెక్కమన్నారు. ఎక్కలా. యలమందని ఎక్కించండి, నా చేతులకి మోకు పట్టే బలం లేదు, నేను వెనక నడిచొస్తా అన్నాడు. సొంత ప్రభ లేపిన దుమ్ములో కుంటుకుంటా నడిచాడు, తుడుచుకోను కూడా తుడుచుకోలేదంట. ఆ తర్వాత ఆయన పోయేదాకా ఆ ఊరి కుర్రోళ్ళకి ఆయనే నేర్పాడు. మీ ఆట గొప్పదా, మీరు నేర్పిన ఆట గొప్పదా అని ఎవురో అడిగితే, నేను ఆడింది ఆటేరా, పని మాత్రం ఇదే అన్నాడంట.

ఇప్పటికీ ఆ ఊళ్ళో నేర్పేవోడు ఎవురైనా సరే, ఆట రోజు నడుముకు తువ్వాల చుడతారు. ముడి మాత్రం ఎయ్యరు. ఎందుకెయ్యరయ్యా అంటే, ఎయ్యాల్సిన మనిషైతే ఇంకా నేర్పడానికి పనికిరాడు అంటారు. నిజమో అబద్ధమో, పోయి చూసుకో, పెద్ద దూరం లేదు. నాకు తెలిసింది ఒకటే. నాకు ముగ్గురు కొడుకులు. వాళ్ళు అరక తోలేటప్పుడు నేను గట్టు మీద కూకుంటా. ఒకడు సాలు వంకర తోలతాడు, ఒకడు ఎద్దుని ఊరికే కొడతాడు. నాకు ఒళ్ళు మండుద్ది, లేచి పోయి వాళ్ళ చేతిలో మేడి లాక్కుని నేనే తోలాలనిపించుద్ది. అందుకే పొద్దున్నే నడుముకు తువ్వాల చుట్టుకునే పోతా. ముడేసుకోను. అది రోజూ జారుద్ది. జారినప్పుడు గట్టు మీద గడ్డి పట్టుకుంటా. ఆ గట్టు మీద నేను కూకునే చోట గడ్డి నిలవదు, పోయేటప్పుడు చూసిపో.